78వ రేఖాంశానికి రెండు పక్కలా ఒక జిల్లా

ఆత్మకూరు,
నంద్యాల జిల్లా

ఆంధ్రప్రదేశ్ సర్వే, సెటిల్‌మెంట్లు, భూరికార్డుల శాఖ డైరెక్టర్ గారికి,

మహాశయా,

భూముల పటాలు కాగితం మీది నుంచి కంప్యూటర్‌లోకి చేరుతున్న ఈ కాలంలో, ఏ పటంలోని అంకెలు ఏ నిరూపక వ్యవస్థకు చెందినవో, అవి ఎక్కడి నుంచి ఎక్కడి వరకు చెల్లుతాయో ప్రతి ఫైలుతోపాటు అధికారికంగా ప్రకటించాలని, ఆ హద్దులను సాఫ్ట్‌వేర్ గ్రామ, మండల, జిల్లా స్థాయుల్లో తనిఖీ చేయాలని కోరడం ఈ లేఖ ఉద్దేశం. ఇది ప్రోగ్రామర్ల మధ్య తేలవలసిన విషయంగా పైకి కనిపించినా, దాని ఫలితం చివరికి రైతు గట్టు మీదా, పాస్‌బుక్‌లోని సెంట్ల మీదా పడుతుంది కాబట్టి దీన్ని బహిరంగంగానే విన్నవించడం సబబు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు సర్వేలో ఇలాంటి ప్రశ్న పుట్టే అవకాశం తక్కువ. ఆనాడు ప్రతి సర్వే నంబరుకూ ఎఫ్‌ఎంబీ అనే క్షేత్ర కొలతల పుస్తకంలో ఒక పుట కేటాయించి, 100 లింకులుగా విభజించిన 66 అడుగుల గొలుసుతో ఒక మూల రాయి నుంచి మరో మూల రాయికి కొలిచి, పొలం ఆకారాన్ని ఆ పుటలోనే పూర్తి చేసేవారు. ఆ పుటకు పక్క పొలంతో, ఊరి పొలిమేరతో సంబంధం ఉండేది గాని భూగోళంతో ఉండేది కాదు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే ఈ పద్ధతిని మార్చింది: డ్రోన్ చిత్రాలు, కోర్స్ అని పిలిచే, ఉపగ్రహ సంకేతాలను నిరంతరం అందుకునే స్థిర స్టేషన్ల వల, సర్వేయరు చేతిలోని రోవర్ కలిసి, పొలంలోని ప్రతి మూలకూ భూగోళం మీద ఒక స్థానాన్ని, అంటే ఒక జత అంకెలను ఇస్తాయి. సర్వే నంబరు స్థానంలో వచ్చిన ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వెనుక ఉన్నవి ఆ అంకెలే. అంకెలు సెంటీమీటర్ల దాకా ఖచ్చితంగా ఉండవచ్చు. కాని అవి ఏ వ్యవస్థకు చెందినవో తెలియకపోతే ఆ ఖచ్చితత్వం అక్కరకు రాదు.

నిరూపక వ్యవస్థ అంటే భూమి మీది స్థానాన్ని అంకెలుగా మార్చే నియమావళి. అక్షాంశ రేఖాంశాలతో డిగ్రీలలో చెప్పేది ఒక రకం. ఆ లెక్కన ఆత్మకూరు సుమారు 15.88 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.58 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. గుండ్రటి భూమిని సమతలం మీదికి దించి మీటర్లలో చెప్పేది రెండో రకం. ఈ రెండో రకంలో ఎక్కువగా వాడుకలో ఉన్న యూటీఎం పద్ధతి 1940లలో అమెరికా సైన్యం చేతుల్లో రూపుదిద్దుకుంది. అది భూగోళాన్ని ఆరేసి డిగ్రీల వెడల్పున 60 జోన్లుగా నిలువునా కోసి, ప్రతి జోన్ నడిమి రేఖకూ 5,00,000 మీటర్ల తూర్పు విలువ ఇచ్చి, భూమధ్యరేఖ నుంచి ఉత్తర విలువను లెక్కిస్తుంది. 78 నుంచి 84 డిగ్రీల వరకు 44వ జోన్. అందులో ఆత్మకూరు తూర్పు విలువ సుమారు 2,41,000 మీటర్లు, ఉత్తర విలువ సుమారు 17,57,000 మీటర్లు.

ఇక పరిధి. సాఫ్ట్‌వేర్‌లో ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలిసిపోవడం వల్లనే చాలా చిక్కులు వస్తాయి. ఒక వ్యవస్థ ఏ భూభాగానికి ఉద్దేశించిందో దాన్ని రూపొందించినవారు చెప్పేది మొదటిది. ప్రపంచంలోని నిరూపక వ్యవస్థలకు సంఖ్యలిచ్చే ఈపీఎస్‌జీ పట్టికలో 32644 అనే సంఖ్య ఎదుట 78 నుంచి 84 డిగ్రీలని రాసి ఉండేది ఈ అర్థంలోనే. గణిత సూత్రం ఎంతవరకు పనిచేస్తుందనేది రెండోది; అది 78 దగ్గర తెగిపోదు, దూరం పెరిగేకొద్దీ కొలత సాగుతుంది, అంతే. ఫలానా ఫైలులో నిజంగా ఉన్న బిందువులన్నిటినీ చుట్టే దీర్ఘ చతురస్రం, అంటే బౌండింగ్ బాక్స్, మూడోది. మొదటిది ఒప్పందం, రెండోది గణితం, మూడోది వాస్తవం. మూడోది మొదటి దానిలో ఇముడుతోందా లేదా అని చూడడమే పరిధి తనిఖీ.

నంద్యాల జిల్లాకు ఈ తనిఖీ చాలా జిల్లాల కన్నా ఎక్కువ అవసరం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాలో ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె 78వ రేఖాంశానికి తూర్పున, అంటే 44వ జోన్‌లో ఉంటే, డోన్, ప్యాపిలి దానికి పడమట, అంటే 43వ జోన్‌లో ఉన్నాయి. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో కన్యాకుమారి నుంచి హిమాలయ పాదాల వరకు సాగిన ప్రధాన కొలతల వరస కూడా దాదాపు ఈ 78వ రేఖాంశాన్నే అంటిపెట్టుకుని నడవడం కాకతాళీయం. ఆనాడు దేశాన్ని ఒక్క కొలతలోకి తెచ్చిన గీత దగ్గరే ఈనాడు ఒక జిల్లా రెండు జోన్లుగా చీలుతోంది.

చీలిక వల్ల ఏమవుతుందో డోన్ పట్టణాన్నే తీసుకుని చూడవచ్చు. 43వ జోన్‌లో డోన్ తూర్పు విలువ సుమారు 8,09,000 మీటర్లు. జోన్ సంఖ్య రాయని ఫైలులో ఈ అంకె వస్తే, జిల్లా అంతా 44వ జోనే అనుకున్న ప్రోగ్రామ్ డోన్‌ను సరిగ్గా ఆరు డిగ్రీలు తూర్పుకు జరిపి, 83.88 డిగ్రీల రేఖాంశం దగ్గర, బంగాళాఖాతం నడుమ పెడుతుంది. ఇదే పొరపాటు తిరగబడితే ఆత్మకూరు 72.58 డిగ్రీల దగ్గర అరేబియా సముద్రంలో తేలుతుంది. ఇక్కడ గమనించవలసినది సముద్రం గురించి కాదు, తనిఖీ గురించి. రాష్ట్రమంతటినీ చుట్టే దీర్ఘ చతురస్రం సుమారు 12.6 నుంచి 19.2 డిగ్రీల అక్షాంశాల వరకు, 76.7 నుంచి 84.8 డిగ్రీల రేఖాంశాల వరకు ఉంటుంది. అరేబియా సముద్రంలో పడిన ఆత్మకూరును ఆ చతురస్రం వెంటనే పట్టుకుంటుంది. బంగాళాఖాతంలో పడిన డోన్‌ను మాత్రం నిక్షేపంగా లోపలికి రానిస్తుంది, ఎందుకంటే కోస్తా వంపు వల్ల ఆ చతురస్రంలో నీళ్ల భాగం కూడా విస్తారంగానే ఉంది. జిల్లా స్థాయి చతురస్రం పెట్టి ఉంటే రెండూ దొరికేవి. 44వ జోన్‌లో నంద్యాల జిల్లా బిందువులేవీ 3,00,000 మీటర్ల చుట్టుపక్కలను మించి తూర్పుకు పోవు. అక్కడ 8,09,000 అన్న అంకె కనిపిస్తే అది తప్పని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

అలాగని డోన్, ప్యాపిలి పటాలను తప్పనిసరిగా 43వ జోన్‌లోనే ఉంచాలని ఈ లేఖ వాదించడం లేదు. జిల్లా మొత్తానికి 44వ జోన్‌నే కాస్త పడమటికి చాచి వాడితే, డోన్ దగ్గర పటం మీది కిలోమీటరు అసలు కిలోమీటరు కన్నా సుమారు ఒక మీటరు ఎక్కువ చూపుతుంది. సొంత జోన్‌లో కూడా అది దాదాపు 78 సెంటీమీటర్లు ఎక్కువే. పదెకరాల పొలంలో ఈ రెండింటి మధ్య తేడా అర సెంటు కూడా ఉండదు. అంటే ఒక జోన్‌ను జిల్లా కోసం అర డిగ్రీ చాచడం నిర్వహణ రీత్యా మంచి నిర్ణయమే కావచ్చు. అయితే ఆ నిర్ణయం తీసుకున్నట్లు రాతపూర్వకంగా ఉండాలి. ఈపీఎస్‌జీ పట్టికను నమ్మి పనిచేసే సాఫ్ట్‌వేర్ 78కి పడమటి బిందువులను చూసి పరిధి దాటిందని హెచ్చరిస్తుంది, దాన్ని వాడే ఉద్యోగి ఆ హెచ్చరికను రోజూ చూసి చూసి చివరికి చదవకుండానే మూసేయడం అలవాటు చేసుకుంటాడు, ఆ అలవాటులోనే నిజమైన తప్పు కూడా ఒకనాడు దాటిపోతుంది.

అంకెల జతలో ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న మరొకటి. ఈపీఎస్‌జీ పట్టికలోని 4326 అనే ప్రపంచ వ్యవస్థ నిర్వచనం ప్రకారం అక్షాంశం ముందు రావాలి. 2016లో స్థిరపడిన జియోజేసన్ ప్రమాణం ప్రకారం రేఖాంశం ముందు రావాలి. అనేక పటాల సాఫ్ట్‌వేర్లకు పునాదిగా ఉన్న ప్రోజ్, జీడాల్ లైబ్రరీలు 2019 నుంచి పట్టికలోని క్రమాన్నే పాటించడం మొదలుపెట్టడంతో, అంతకుముందు రాసిన ప్రోగ్రామ్‌లు ఎన్నో ఒక్కసారిగా అంకెలను తారుమారు చేశాయి. ఆత్మకూరు అంకెలు అలా తారుమారైతే వచ్చే స్థానం 78.58 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 15.88 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది ఉత్తర ధ్రువానికి చేరువలో నార్వే పాలనలోని స్వాల్‌బార్డ్ దీవులలో, లాంగియర్‌బైన్ పట్టణానికి ఉత్తరాన 40 కిలోమీటర్ల ప్రాంతం. నల్లమల పులుల అడవి పక్కనున్న పట్టణం ధ్రువపు ఎలుగుబంట్ల సీమకు చేరినా సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. అక్షాంశం 90 దాటితేనే దానికి తప్పు తెలుస్తుంది, 78 దాటదు కదా. ప్రపంచ పరిధిని పెట్టుకుని చేసే తనిఖీ ఎంత ఉదారమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఈ విషయంలో తెలుగు నేలకు ఒక సౌలభ్యం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడా అక్షాంశం 20 దాటదు, ఎక్కడా రేఖాంశం 76కు తగ్గదు. కనుక జత తిరగబడిందో లేదో అంకెను చూసే తేల్చవచ్చు. మీటర్లలో కూడా రాష్ట్రపు ఉత్తర విలువలు తూర్పు విలువల కన్నా ఎప్పుడూ పెద్దవే. జోన్ సంఖ్య మాత్రం అలా తేలదు, ఎందుకంటే ప్రతి జోన్‌లోనూ తూర్పు విలువలు దాదాపు అవే అవధుల మధ్య మళ్లీ మళ్లీ వస్తాయి. తిరగబడిన జతను ప్రోగ్రామ్ తనంతట తానే సరిదిద్దడం సులువే అయినా, గుట్టుగా సరిదిద్దే ప్రోగ్రామ్ కన్నా ఆగి అడిగే ప్రోగ్రామ్ మేలు. భూమి హక్కుల విషయంలో సాఫ్ట్‌వేర్ ఊహలకు తావుండకూడదు.

మండల స్థాయి పరిధి కూడా ఎందుకు కావాలో చెప్పడానికి ఆత్మకూరు పేరే చాలు. నెల్లూరు జిల్లాలో ఒక ఆత్మకూరు, అనంతపురం జిల్లాలో ఇంకొకటి, తెలంగాణలోని వనపర్తి జిల్లాలో మరొకటి ఉన్నాయి. ఈ మూడూ రాష్ట్ర చతురస్రంలోనే ఉన్నాయి కనుక, ఒక ఆత్మకూరు ఫైలు ఇంకో ఆత్మకూరు ఖాతాలో చేరితే రాష్ట్ర స్థాయి తనిఖీ దాన్ని ఆపలేదు.

షేప్‌ఫైల్ అనే సర్వసాధారణమైన పటపు ఫైలును కాస్త దగ్గరగా చూస్తే, పరిధి ఎక్కడ దాగి ఉంటుందో, ఎక్కడ జారిపోతుందో తెలుస్తుంది. ప్రధాన ఫైలు మొదట్లో 100 బైట్ల శీర్షిక ఉంటుంది. అందులోనే కనిష్ఠ తూర్పు, కనిష్ఠ ఉత్తర, గరిష్ఠ తూర్పు, గరిష్ఠ ఉత్తర విలువలు నాలుగూ వరసగా రాసి ఉంటాయి. అంటే పరిధి ఫైలులోనే భద్రంగా ఉంది. నిరూపక వ్యవస్థ పేరు మాత్రం ప్రధాన ఫైలులో ఉండదు, పీఆర్‌జే అనే విడి ఫైలులో ఉంటుంది. ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో పంపేటప్పుడు ఆ చిన్న ఫైలు వెనుకబడిపోతే, అవతలి సాఫ్ట్‌వేర్‌కు మిగిలేవి ఊరూ పేరూ లేని నాలుగు అంకెలు. అవి 180 లోపు ఉంటే డిగ్రీలు కావచ్చునని, లక్షల్లో ఉంటే మీటర్లు కావచ్చునని ఊహించడం మినహా అది చేయగలిగింది లేదు.

ఆ నాలుగు అంకెలను పాడుచేయడానికి ఒక్క బిందువు చాలు. రోవర్‌కు సంకేతం అందక ఖాళీగా మిగిలిన నమోదును ప్రోగ్రామ్ సున్నా, సున్నాగా దాచుకుంటే, డిగ్రీల లెక్కలో ఆ బిందువు ఆఫ్రికా పక్కనున్న గినీ సింధుశాఖలో పడుతుంది. దాంతో ఆ గ్రామపు చతురస్రం గినీ సింధుశాఖ నుంచి నల్లమల దాకా సాగిపోతుంది. పటం మొత్తం చూపమని మీట నొక్కిన ఉద్యోగికి తెర మీద శూన్యం కనిపిస్తుంది, ఎందుకంటే ఊరంతా ఒక మూల చుక్కకు కుంచించుకుపోయి ఉంటుంది. ఫైలు పాడైందని భావించి అతడు దాన్ని తిరిగి తెప్పించుకుంటాడు, మళ్లీ అదే శూన్యం. ఖాళీని ఖాళీగానే ఉంచి, సున్నాను నిరాకరించే నియమం ఒక్కటి ఉంటే ఈ శ్రమ తప్పుతుంది.

చతురస్రాన్ని ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు మార్చేటప్పుడు జరిగే పొరపాటు ఇంతకన్నా సూక్ష్మమైనది. 16వ అక్షాంశం డిగ్రీల పటంలో తిన్నని గీత; యూటీఎం పటంలో అది జోన్ నడుమ కిందికి, అంచుల వద్ద పైకి వంగిన గీత. 78 నుంచి 84 వరకు వ్యాపించిన చతురస్రానికి నాలుగు మూలలను మాత్రమే మార్చి సరిపెట్టుకుంటే, దక్షిణపు అంచు నడిమి రేఖ దగ్గర అసలు ఉండవలసిన చోటు కన్నా రెండు కిలోమీటర్లకు పైగా ఉత్తరంగా వస్తుంది. ఆ నడిమి రేఖ 81వ రేఖాంశం, 16వ అక్షాంశంతో అది కలిసే చోటు దివిసీమ. ఆ సరళరేఖ కింద అవనిగడ్డ పరిసరాల పొలాల పట్టీ ఒకటి వెతుకులాటలో కనిపించకుండా పోతుంది. మూలలతోపాటు అంచుల వెంబడి నడుమ నడుమ బిందువులు తీసుకుని మార్చడం దీనికి విరుగుడు. ప్రోజ్ లైబ్రరీలో ఆ సౌకర్యం ఇప్పటికే ఉంది, దాన్ని పిలిస్తే చాలు.

అంకెలను దాచుకునే పద్ధతికి కూడా ఒక పరిధి ఉంటుంది. కొన్ని మొబైల్ యాప్‌లు, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్‌లు అంకెను 32 బిట్లలో దాస్తాయి. ఆ పద్ధతిలో 17,57,000 మీటర్ల ప్రాంతంలో ఒక విలువకూ దాని పక్క విలువకూ మధ్య కనీస దూరం 12.5 సెంటీమీటర్లు, 2,41,000 మీటర్ల ప్రాంతంలో అది ఒకటిన్నర సెంటీమీటరే. అంటే ఆత్మకూరు పొలాల గట్లు తూర్పు పడమరలుగా సరిగానే ఉండి, ఉత్తర దక్షిణాలుగా మాత్రం దాదాపు అర జానెడు మేర అటూ ఇటూ గెంతుతాయి. ఎంతో ఖర్చుపెట్టి తెచ్చిన సెంటీమీటర్ల ఖచ్చితత్వం ఇలా చివరి అంచెలో జారిపోవడం విచారకరం. గ్రామపు నైరుతి మూలను సున్నాగా తీసుకుని, అక్కడి నుంచి దూరాలను మాత్రమే చిప్‌కు అందిస్తే ఈ నష్టం ఉండదు. గ్రామ స్థాయి పరిధిని ప్రకటించి ఉంచితే ఆ మూల ఏదో ప్రతి ప్రోగ్రామర్ కొత్తగా తేల్చుకోనక్కరలేదు.

విస్తీర్ణం దగ్గరికి వస్తే అన్నిటికన్నా ప్రమాదకరమైనది వెబ్ మెర్కేటర్ అనే వ్యవస్థ. బ్రౌజర్లలోని పటాలన్నీ దాదాపు దీని మీదే నడుస్తాయి. అటూ ఇటూ 85 డిగ్రీల అక్షాంశం దాకా ప్రపంచమంతా దీని పరిధిలోకి వస్తుంది కాబట్టి పరిధి తనిఖీలో ఇది ఎన్నడూ పట్టుబడదు. కాని ఆత్మకూరు అక్షాంశం దగ్గర ఇది విస్తీర్ణాన్ని 8 శాతానికి పైగా పెంచి చూపుతుంది. పదెకరాల పొలం పది ఎకరాల ఎనభై సెంట్లు దాటుతుంది. అన్నదమ్ముల పంపకంలో ఎవరో ఫోన్ తెర మీద గీసి కొలిచిన అంకెకూ అడంగల్‌లోని అంకెకూ ఎనభై సెంట్ల తేడా వస్తే, తప్పు రికార్డుదేనని అనుకునే వారే ఎక్కువ. పరిధిలో ఉండడం వేరు, కొలతకు పనికిరావడం వేరు అని శాఖ తన పోర్టల్‌లో తెలుగులో స్పష్టంగా రాయడం ఉపకరిస్తుంది.

పాత పటాల సంగతి ఒకటి మిగిలింది. ఎవరెస్ట్ గోళాకృతి అనే పాత భూమి నమూనా మీద తయారైన పాత వ్యవస్థలకూ నేటి ఉపగ్రహ వ్యవస్థకూ మధ్య ఈ ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడా ఉంటుంది. నల్లమల అంచున ఉన్న గ్రామాలలో అటవీ హద్దు పాత పటం నుంచి, పొలం హద్దు కొత్త రోవర్ నుంచి వచ్చి ఒకే తెర మీద కలిస్తే, ఆ వంద మీటర్ల పట్టీలోని పొలాలన్నీ అడవిలో ఉన్నట్లు, లేదా అడవే పొలంలోకి వచ్చినట్లు కనిపిస్తుంది. భూమిని సమతలం మీదికి దించే పాత లాంబర్ట్ పద్ధతిలో దక్షిణాది 15వ అక్షాంశం దగ్గర రెండు జోన్లుగా విడిపోయేది; ఆ గీత ఆళ్లగడ్డకు దక్షిణాన, చాగలమర్రి సమీపంలో ఈ జిల్లాను తాకుతుంది. కనుక నంద్యాల జిల్లా కొత్త లెక్కలో తూర్పు పడమరలుగా, పాత లెక్కలో ఉత్తర దక్షిణాలుగా, రెండు విధాలా చీలినదే. ఇన్ని అంచులు ఒకే జిల్లాలో కలవడం అరుదు. పద్ధతిని పరీక్షించి చూడడానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

ఈ కారణాల రీత్యా, ప్రతి ఎల్‌పీఎం ప్రతి మీదా, బయటికి ఇచ్చే ప్రతి ఫైలులోనూ నిరూపక వ్యవస్థ సంఖ్యను, విస్తీర్ణం ఏ పద్ధతిలో లెక్కించారో ఆ వివరాన్ని ముద్రించాలని, గ్రామ, మండల, జిల్లా చతురస్రాల పట్టికను ఎవరైనా దించుకుని తమ ప్రోగ్రామ్‌లో వాడుకునేలా బహిరంగంగా ఉంచాలని, పరిధి దాటిన నమోదును హెచ్చరికతో వదిలేయకుండా గ్రామ సర్వేయరు చూసి ఒప్పుకునే దాకా నిలిపి ఉంచాలని, 78వ రేఖాంశానికి పడమటి మండలాలకు ఏ జోన్ వర్తిస్తుందో ఒక ఉత్తర్వుతో తేల్చాలని విన్నపం. ఈ పట్టిక నంద్యాలలో సిద్ధమైన తరువాత శ్రీకాకుళం జిల్లాకు వెళ్లడం మంచిది. అక్కడ 84వ రేఖాంశం శ్రీకాకుళం పట్టణాన్ని 44వ జోన్‌లో ఉంచి, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురాలను 45వ జోన్‌లోకి పంపుతుంది.

ఇట్లు,
ఆత్మకూరు పౌరుడు